వాకిట నిలిచినవా రెవరు?





మన జీవితకాలములో ఎంత భాగము వేచియుండుటయందే గడచుచున్నదో ఎవరైనను లెక్క చూచుకొంటిరా? బస్సు కొరకు బస్టాండులో, రైలు కొరకు ప్లాట్‌ఫారము మీద, వైద్యుని కొరకు ఆసుపత్రి వసారాలో, బియ్యము కొరకు రేషను దుకాణము ముందు, స్వామి దర్శనము కొరకు దేవాలయపు క్యూలో, తుదకు ప్రసాదము కొరకు మఠములోని పంక్తిలో మనము వేచియుండుచునే యున్నాము. ఆ కాలమును వ్యర్థమైనదిగా నెంచి విసుగుకొందుము. పూజ చేసిన గంటను, కాయకము చేసిన గంటను మన ఖాతాలో వ్రాసికొని, వేచియున్న గంటను మాత్రము కొట్టివేయుదుము.

అట్లు కొట్టివేయదగిన కాలము కాదది. ఆ సమయమున మన ప్రక్కన నిలిచియున్నవాడు మన బంధువు కాడు, మన యూరివాడు కాడు, మన పేరెరుగడు, మనకు కీడు గాని మేలు గాని చేయగలవాడును కాడు. మరల జన్మములో కనబడునో లేదో తెలియదు. అట్టివాని ప్రక్కన, చేయుటకు పని యేమియు లేక నిలిచియున్నప్పుడు మన మెట్లుందుము? అప్పుడు బయటపడునదియే మన యాచారము. మఠములో పెద్దల యెదుట కనబరచు వినయము సగము భయమువలన గలుగునది, సగము అలవాటువలన గలుగునది. తెలియనివాని యెదుట నిలుచునదియే నిజమైనది.

నిరీక్షణము మన ధర్మమునకు క్రొత్త గాదు. ప్రతిదినమును ఇష్టలింగమును ఎడమ అరచేత నిలుపుకొని, రెప్ప వాల్పక చూచుచు కూర్చుండు సాధన యేమి? అది కోరికల చిట్టా విప్పుట కాదు. చూపును నిలిపి, మనస్సును నిలిపి, ఎదుట నున్నదానిని అది యున్నట్లు చూచుటకు నేర్చుకొనుట. తొందరపడువాడు లింగమును చూచుచున్నాననుకొనుచు తన తలపులనే చూచుకొనును. కొంతసేపు నిలిచినవానికే చూపు తేరుకొనును. పూజగదిలో నేర్చిన ఆ చూపు వీధిలోనికి వెంటరాకున్న, ఆ సాధన అరచేతితోనే ముగిసినదని యర్థము.

కల్యాణములో జరిగిన ఒక వృత్తాంతము మీలో పలువు రెరిగినదే. 15వ శతాబ్దిలో మొదట కూర్పబడిన ‘శూన్య సంపాదనము’ దానిని వర్ణించుచున్నది. అల్లమప్రభువు సొన్నలిగె సిద్ధరామునితో గూడి బసవేశ్వరుల మహామనె వాకిటికి వచ్చి నిలిచెను. ఆ సమయమున బసవేశ్వరులు లింగపూజలో నుండిరి. పూజ నడుమ లేవరాదను తలపున హడపద అప్పణ్ణను పంపిరి. ప్రభువు లోనికి రాలేదు. వాకిటనే నిలిచెను. అప్పుడు వయస్సున చిన్నవాడైన చెన్నబసవన్న, వాకిట జంగమము నిలిచియుండగా లోపలి పూజ పూర్ణము కాదను భావమును మేనమామకు తెలియజెప్పెను. బసవేశ్వరులు తాము చేయుచున్నది పూజయే గదాయని వాదింపలేదు. లేచి వాకిటికి వచ్చి శరణనిరి.

ఈ కథలో మన మందరము ప్రభువు మహిమను చూతుము, బసవన్న వినయమును చూతుము. కాని ఆ కొంతసేపటి నిలుపుదలను చూడము. వాకిట నొకడు ఊరక నిలిచియుండుటవలన ఇంటి లోపల నున్నది తేటపడినది. కేక వేయలేదు, తానెవరో చెప్పుకొనలేదు. నిలిచినాడంతే. నిలిచినవాని మౌనము లోపలివానికి అద్దమైనది.

ఈ పాఠమును నేను ముప్పది సంవత్సరములు సభలలో చెప్పితిని. దాని యర్థము మాత్రము ఒక రాత్రి మార్గమధ్యమున, చలిలో, నాకు తలవంపు గలుగు విధమున తెలిసినది. ఆ సంగతి మీ కిప్పుడు విన్నవింతును.

కొన్ని సంవత్సరముల క్రిందట పుష్యమాసములో, శ్రీశైలమునందలి ఒక మఠములో దాసోహ తత్త్వమును గూర్చి ఉపన్యసింపుడని నన్ను పిలిచిరి. మరునాటి యుదయము 7 గంటలకు సభ. నేనును, కళాశాలలో చదువుచున్న నా మేనల్లుడును హైదరాబాదునుండి కారులో బయలుదేరితిమి. కల్వకుర్తి దాటిన పిమ్మట టైరు పంక్చరైనది. దానిని మార్చుకొని మన్ననూరు చేరుసరికి రాత్రి 9 గంటల 20 నిమిషములైనది. అడవి గేటు మూసియున్నది.

శ్రీశైలయాత్ర చేసినవారందరు ఈ గేటు నెరుగుదురు. మన్ననూరు దాటినది మొదలు మార్గమంతయు నల్లమలలో నడచును. 1983లో పులుల సంరక్షణ పథకములో చేరిన నాగార్జునసాగరు–శ్రీశైలము అభయారణ్య మిది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణము వైపు భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. సాధారణముగా రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు వాహనములను విడువరు. పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి మొదలగు మృగములు రాత్రులందు మార్గమును దాటుచుండును. దీపముల వెలుగునకు కన్నులు చెదరి నడుమ నిలిచిపోవును, చక్రముల క్రింద పడును. అందుచే ఈ కట్టడి.

మాకు ముందుగా ఏడెనిమిది వాహనము లాగియుండెను. నేను దిగి, గేటు వద్ద కాపలాయున్న చెంచు యువకుని సమీపించి నా పేరును, నేను సేవచేయు మఠము పేరును, మరునాటి సభను గూర్చియు చెప్పితిని. విభూతి ధరించిన నా నుదురు అతనికి చక్కగా కనబడునట్లు దీపపు వెలుగులోనికి జరిగి నిలిచితిని. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది. అయినను నిజము.

అతడు చేతులు జోడించి, “మల్లన్న మా ఇంటి అల్లుడు సామీ. అల్లుడింటికి పోయే చుట్టాలను ఆపాలని మాకుంటదా? రాత్రిపూట ఈ బాట మనది గాదు, మెకాలది. తెల్లారినాక మీదే” అనెను.

మల్లికార్జునుడు చెంచుల ఆడుబిడ్డను పెండ్లాడి వారింటి అల్లుడైనాడని నల్లమల చెంచులు చెప్పుకొందురు. ఆ చుట్టరికము నతడు గర్వముతో గాక ఓదార్పుగా చెప్పెను. నేను మాత్రము ముఖము ముడుచుకొని తిరిగివచ్చి కారులో కూర్చుంటిని.

మొదటి గంటలో ఆ గేటు వద్ద వినబడిన మాట లన్నిటి సారము ఒక్కటే: నేనెవడనో నీకు తెలియునా? ఒకాయన ఒక యధికారి పేరు చెప్పి ఫోనులో బిగ్గరగా మాటలాడెను. ఒకడు మడచిన నోటును ముందుకు చాచెను. ఆ యువకుడు చేయి వెనుకకు తీసికొనెను. ఒక లారీ డ్రైవరు హారను మ్రోగించుచునే యుండెను. వారిని చూచి, లోకమెంత యోర్పు లేనిదైపోయినదని నా మేనల్లునికి నీతి చెప్పుట మొదలుపెట్టితిని. ఒకడు నోటు చూపెను, ఒకడు అధికారిని చూపెను, నేను విభూతిని చూపితిని. ఆ మూటి నడుమ భేదమేమో నాకు అప్పుడు తోచలేదు.

రాత్రి 11 గంటలు కావచ్చెను. తామెవరో చెప్పుకొనుట అందరికిని ముగిసినది. గేటు ఎవరికిని తెరువబడలేదు. అప్పుడు నిశ్శబ్దమైనది. నిశ్శబ్దమైన పిమ్మట మనుష్యులు కనబడసాగిరి.

ఒక తల్లి చంటిబిడ్డను భుజముపై వేసికొని అటునిటు నడచుచుండెను. బిడ్డ యేడ్పు మానదు. అంతసేపు హారను మ్రోగించిన లారీ డ్రైవరే ఆమెను చూచి యింజను నాపివేసెను. వాహనము వాహనము వద్దకు నడచి, “లైట్లు ఆర్పండన్నా, పసిది పండుకోవాలె” అని చెప్పి వచ్చెను. అధికారి పేరు చెప్పి అరచిన పెద్దమనిషి తన కారు వెనుక తలుపు తెరచి, ఆ తల్లిని బిడ్డతో లోపల పండుకొనుమని చెప్పి, తాను శాలువ కప్పుకొని కల్వర్టు గట్టు మీద కూర్చుండెను. ఆ రాత్రి యంతయు నతడు అక్కడనే కూర్చుండెను. ఒక గంట ముందు నేను మేనల్లునికి దుర్జనుల నిదర్శనముగా చూపిన యిరువు రీ యిరువురే.

బంధువులారా, మనము తెలియనివారిని మొదటి గంటలోనే తూచి పక్కన పెట్టుదుము. మొదటి గంటలో ఎవ్వడును తన నిజస్థితిలో ఉండడు. ఆలస్యము వానిని కలచును, భయము వాని చేత అరపించును. కొంతసేపు మాటాడక చూచుచున్నవానికే, ఆ యరపు క్రింద నున్న మనిషి కనబడును. ఆ రాత్రి నా ప్రక్కనున్న పరులను గూర్చి నేను నేర్చిన మొదటి పాఠమిది. నన్ను గూర్చి నేర్చినది వేరొకటి.

మా వద్ద ఆహారమున్నది. మా ఇంటివారు రెండు మూటలు కట్టియిచ్చిరి. ఒకటి మాకు త్రోవలో తినుటకు. రెండవది పెద్దది, మఠములోని జంగమమూర్తులకు సమర్పించుటకై చేసిన బొబ్బట్లు. నేను కారు అద్దములు పైకి లేపుకొని, లింగార్పితము గావించి, మేనల్లునితో గూడి భుజించితిని. బయట వారెల్లరు చలిలో నుండిరి. మా మూటలో మిగిలినదానిని తిరిగి కట్టి పెట్టితిని. పెద్ద మూటను గూర్చి తలపే రాలేదు. అది జంగమార్పితమునకు ప్రత్యేకించినది. త్రోవలో తెరువరాదు. అట్లని నాకు శాస్త్రము నేనే చెప్పుకొంటిని.

కొంతసేపటికి ఎవరో అద్దమును తట్టిరి. దించి చూచితిని. ఒక వృద్ధురాలు. ఆమె కుటుంబము ఒక టెంపోలో మాకు వెనుక ఆగియున్నది. మాటలో కన్నడపు యాస యున్నది. సరిహద్దు వైపు పల్లెవారని యూహించితిని. చేతిలో గుడ్డ పరచిన గంప, అందులో జొన్నరొట్టెలు, పల్లీల పొడి. వరుసగా ఒక్కొక్క వాహనము వద్దకు పోయి ఇచ్చుచు వచ్చుచున్నది. లారీవాని కిచ్చినది, కల్వర్టు మీది పెద్దమనిషి కిచ్చినది, గేటు వద్ద యువకుని కిచ్చినది, ఇప్పుడు మా వంతు.

నే నప్పుడు చేసిన పని యేమి? నా చేతిలోని టార్చి వెలుగు నెమ్మదిగా ఆమె మెడ మీదికి జరిగినది. పైట చాటున శివదార మున్నదేమోయని వెదకితిని. కనబడలేదు. అంతట, “ఏ యూరమ్మా? ఎవరింటివారు?” అని యడిగితిని. ఆ ప్రశ్న కర్థమేమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. మన ఇండ్లలో పుట్టినవారికందరికిని ఆ ప్రశ్న లోపలి ప్రశ్న తెలియును.

ఆమె నవ్వి, “మల్లయ్య దగ్గరికి పోయేటోళ్ళం సామీ” అనెను. అంతకు మించి చెప్పలేదు. నేను, “మేము భోంచేసితి మమ్మా” అంటిని. “కానీలే, రాత్రి ఇంకా పొడుగున్నది గదా” అని రెండు రొట్టెలు నా మేనల్లుని చేతిలో పెట్టి వెనుకనున్న వాహనము వద్దకు వెళ్ళిపోయెను.

వాడు రొట్టెను చేత బట్టుకొని కొంతసేపు పలుకలేదు. తరువాత మెల్లగా, “మామయ్యా, ఆమె మనమెవరమో అడుగలేదేమి?” అనెను.

నా వద్ద నుత్తరము లేదు. ఆ పిల్లవాడు నన్ను తప్పు పట్టలేదు. నిజముగానే తెలిసికొనగోరి యడిగినాడు. మరునాడు దాసోహమును గూర్చి ఉపన్యసింప బోవుచున్నవాడను. నా సంచిలో వ్రాసికొన్న కాగితములున్నవి. వెనుక సీటులో జంగమముల కొరకు కట్టిన మూట యున్నది. జంగమము వచ్చి అద్దము తట్టి, పెట్టి, పోయినది. నేను లోపలనే యుంటిని.

ఆ పైన నాకు నిద్ర రాలేదు. కారు దిగి చీకటిలో కూర్చుంటిని. బసవేశ్వరుల ప్రార్థన యొకటి మన పిల్లలకందరికిని కంఠస్థము. ఎదుటివాడు ఎవరివాడని యడుగు స్థితి తనకు కలుగరాదనియు, వానిని తన ఇంటివానిగానే తలచు బుద్ధి కలుగవలెననియు ఆయన కూడలసంగమేశ్వరుని వేడుకొనిరి. దానిని నేను ఎన్ని వివాహములలో, ఎన్ని సభలలో చదివితినో లెక్క లేదు. చదివిన యా నోటితోనే ఎవరింటివారని యడిగితిని. ఆ వృద్ధురాలు ఆ వచనమును చదివినదో లేదో నాకు తెలియదు. ఆమె చేయి దాని నెరుగును.

ఆయ్దక్కి లక్కమ్మయు జ్ఞాపకమునకు వచ్చినది. భర్తయైన మారయ్య నాటికి కావలసినదానికంటె నెక్కువ బియ్యము నేరికొని రాగా, ఎక్కువైన దానిని తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపిన మహాశరణి యామె. అవసరమునకు మించి దాచుకొనుట భక్తునికి ఆశ యగునని ఆమె యెరిగినది. నేను దాచినదానికి ఆశయని పేరు పెట్టక, నియమమని పేరు పెట్టితిని. ఆశకు నియమపు ముసుగు వేయుట మా వంటి ఉపన్యాసకుల కలవాటైన విద్య.

ఉదయము 4 గంటల వేళ కాపలా యువకు డొక్కడే మేలుకొనియుండెను. నేను పెద్ద మూట విప్పి రెండు బొబ్బట్లు తీసికొని పోయి యిచ్చితిని. అతడు ఒకటి తిని, రెండవదానిని తువ్వాలు కొంగున కట్టుకొనెను. తినుమంటిని. “ఆరింటికి డ్యూటీకి వచ్చే అన్నకు సామీ” అనెను. తెల్లవారుచుండగా టెంపోలోని వారు మేల్కొనిరి. మిగిలిన మూటను ఆ వృద్ధురాలి గంపలో పెట్టితిని. ఆమె ఇది యేమియని గాని, ఎందుకని గాని అడుగలేదు. ఒక్కొక్కటి రెండుగా త్రుంచి, ముందుగా ఇతర వాహనములలోని పిల్లలకు పంచుట మొదలుపెట్టినది. ఈసారి నేనును ఏమియు అడుగలేదు.

6 గంటలకు గేటు లేచినది. ఎవరి దారిన వారు కదలిపోయితిమి. ఆమె మెడలో లింగమున్నదో లేదో నేటికిని నే నెరుగను. ఎరుగకపోవుటయే నాకు మేలైనదని తోచును.

సభకు చేరుసరికి 8 గంటలు దాటినది. 7 గంటలనుండి వచ్చి కూర్చున్న పెద్దలు పంచాక్షరిని జపించుకొనుచు ఓర్పుతో నిరీక్షించుచుండిరి. ఒక్కరును ఆలస్యమేమని యడుగలేదు. నేను వ్రాసికొన్న కాగితములు తీసి, వ్రాసినది వ్రాసినట్లు ఉపన్యసించితిని. అందరు మెచ్చుకొనిరి. రాత్రి జరిగినది చెప్పుటకు మాత్రము ధైర్యము చాలలేదు. ఆనాడు వారికి చెప్పవలసిన మాటను నేడు మీకు వ్రాయుచున్నాను. ఆ సభలో నుండినవా రెవరైనను దీనిని చదివినచో, నా అసలు ఉపన్యాస మిదియేయని గ్రహింతురు గాక.

ఇక దీనిలోని యాచరణమును గూర్చి కొన్ని మాటలు.

మన పంచాచారములలో భృత్యాచార మొకటి. శరణులందరికిని తాను భృత్యుడనని యెంచుకొని మెలగుట దాని లక్షణము. భృత్యుడు వాకిట వేచియుండువాడు. తన పేరు ముందుగా చెప్పుకొనడు, ఎదుటివానికి కావలసినది కనిపెట్టును. నలుగురి నడుమ వేచియుండవలసి వచ్చినప్పుడెల్ల ఇది భృత్యాచారమునకు దొరకిన సమయమని తలచుకొనుడు. మొదటి గంటలో మీరెవరో చెప్పుకొనకుడు. ఎదుటివా రెవరో అడుగకుడు. మనస్సులో పంచాక్షరిని నడపుచు కన్నులు తెరచి చూడుడు. ఎవరికి కూర్చుండుటకు చోటు లేదో, ఎవరి బిడ్డ యేడ్చుచున్నదో, ఎవరు చదువురాక ఫారము చేతబట్టుకొని దిక్కులు చూచుచున్నారో కనబడును. అంతవరకు కనబడలేదంటే అక్కడ వారు లేక కాదు, మన చూపు వారివైపు లేక.

అంబిగర చౌడయ్య ఓడ నడపినవాడు. రేవున ఓడ కొరకు వేచియుండు జనమును నిత్యము చూచినవాడు. ఓడ యెక్కువారిలో పండితుడున్నాడు, పామరుడున్నాడు. నీటి మీద అందరి బరువును బరువే. అనుభవమంటపములో ఆయనయు, మడివాళ మాచిదేవుడును, హరళయ్యయు, డోహర కక్కయ్యయు సమానముగా కూర్చుండిరి. అట్లు కూర్చుండుటకు కావలసిన శిక్షణ వారికి వారి కాయకములోనే దొరకినది. రేవు వద్దను, చాకిరేవు వద్దను, చెప్పులు కుట్టు నీడ వద్దను తెలియనివారి నడుమ నిత్యము మెలగినవారు గదా వారు!

మఠములలోని పంక్తి కూడ ఇదే శిక్షణ. తుమకూరు సిద్ధగంగా మఠములో శ్రీ శివకుమార స్వామివారు (1907–2019) నడపిన అన్న, అక్షర, ఆశ్రయములను త్రివిధ దాసోహమును ఎరుగనివారు లేరు. అచ్చట వేలాది బాలురు, ఏ కులమువారన్న ప్రశ్న లేక వరుసలు తీరి కూర్చుందురు. ఆకలిగొన్న బాలుడు తన యెదుటి యన్నమును చూచుచు, ప్రక్కవాని పళ్ళెము నిండువరకు ఊరకుండుట యెంత గొప్ప విద్య! మన ఇండ్లలో పిల్లలకు వచనములు కంఠస్థము చేయించుటతో బాటు ఈ విద్యయు నేర్పవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. ఊరకుండుట యనగా అన్యాయమును చూచి మూగయై యుండుట కాదు. వరుసలో నున్న ముసలివానిని ఎవడైన త్రోసి ముందుకు పోయినచో, పలుకుబడిగలవాని నొకనిని ప్రక్కతలుపున లోనికి పంపినచో, అప్పుడు మాటలాడుట మన ధర్మము. గణాచార మనగా నదియే. మనకొరకు నోరు మూసికొనుట భృత్యాచారము, ఇతరుని కొరకు నోరు తెరచుట గణాచారము. ఈ రెంటిని తారుమారు చేసికొనుటయే మన లోపము. మనకు పది నిమిషము లాలస్యమైన కేక వేయుదుము, పరునికి పది గంట లాలస్యమైనను అది వాని కర్మ మందుము.

ఈ మాట మన మఠములకును తగులును. మన జాతరలలో చందా లిచ్చినవారు ఒక ద్వారమున నేరుగా స్వాముల సన్నిధికి పోవుదురు. పల్లెనుండి నడచి వచ్చినవారు ఎండలో గంటలు నిలుతురు. వారికి నీడయుండదు, నీరుండదు. ఎప్పుడు లోనికి పోదురో చెప్పువా రుండరు. వాకిట నిలిచినది జంగమమని చెన్నబసవన్న కల్యాణములో చెప్పిన మాట మన వాకిళ్లకు వర్తింపదా? ఒక పందిరి, ఒక నీటి కుండ, కూర్చుండుటకు నాలుగు చాపలు, వంతు వచ్చునని చెప్పు ఒక మంచిమాట. ఇవి యెంతటి వ్యయము? శివుడు తెలియని రూపమున భక్తుల వాకిటికి వచ్చిన కథలు పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణము’లో ఎన్నియో గలవు. ఆ కథలను ఉత్సవమునాడు లోపల పారాయణము చేయుచు, బయట నిలిచినవారిని చూడకుండుట తగునా?

తుదకు మరియొక మాట. ఆ రాత్రి మేమందరము వేచియున్నది ఎవరి కొరకు? మాకు కనబడని మృగముల కొరకు. మా నడుమ ఒకరికొకరు పరులము, చీకటిలో మార్గము దాటు ఆ ప్రాణులు మాకందరికిని పరులు. వాని పేరడుగుటకు వీలులేదు, కులమడుగుటకు వీలులేదు. దయను ధర్మమునకు మూలముగా చెప్పిన బసవేశ్వరులు ఆ దయకు మనుష్యజాతి యొద్ద గిరి గీయలేదు, సకల ప్రాణులకును చాచిరి. తెల్లవారుజామున అడవిలో ఎచ్చటనో ఒక కణితి కూత వినబడినది. గేటు మీద చేయి వేసి నిలిచిన యువకుడు, “దాటుతున్నయి సామీ” అని మెల్లగా చెప్పెను. తొమ్మిది గంటల సేపు వ్యర్థమైనదని నేను గొణుగుకొన్న కాలము అంతయు ఆ దాటుట కొరకై యిచ్చిన కాలమని అప్పుడు తెలిసినది. నా చేత ఆ రాత్రి జరిగిన దాసోహము ఏదైన నున్నచో, నా ప్రమేయము లేక, నా యిష్టము లేక జరిగిన ఆ యొక్కటియే.

కావున, శరణ బంధువులారా, ఈసారి ఎక్కడనైనను మిమ్ములను వేచియుండుమన్నప్పుడు గడియారమును కొంతసేపు మరచి, ప్రక్కకు చూడుడు. అచ్చట నిలిచినవారు ఎవరని మనస్సు అడుగును. అడుగనిండు. మీరు మాత్రము కొంచెము జరిగి వారికి చోటిండు. ఉత్తర మచ్చటనే యున్నది.

శరణు శరణార్థి.